కొన్న వస్తువూ, అమ్మినవాడి తాళమూ

మనం డబ్బిచ్చి కొన్న వస్తువు మీద అమ్మినవాడికి ఇంకా హక్కు మిగులుతుందా? ఒక తరం క్రితం ఈ ప్రశ్న వేస్తే నవ్వి ఊరుకునేవాళ్లు. నాగలికి కొత్త కర్రు వేసుకోటానికి ఆ నాగలి చేసిన వడ్రంగి దగ్గర సెలవు తీసుకున్న రైతు ఎక్కడా లేడు. దర్జీ కొన్న కుట్టు మిషను మీద ఏ గుడ్డ కుట్టాలో, ఏ దారం ఎక్కించాలో అమ్మిన కంపెనీ శాసించలేదు. కొనటం అంటే వస్తువుతోబాటు దాన్ని మన ఇష్టప్రకారం వాడుకునే అధికారం కూడా చేతులు మారటమేనని అందరికీ తెలుసు. తెలిసిన ఆ సంగతే నేడు చర్చనీయాంశమైంది. ఎట్లా అయిందో ఒక చిన్న ఉదంతంతో మొదలుపెడతాను.

మా కాలేజీలో బి.ఎస్సీ. చదివే కుర్రవాడొకడు ఆదివారాలు మేము జరుపుకునే అధ్యయన గోష్ఠికి తప్పకుండా వస్తాడు. వచ్చి, అంత తప్పకుండానూ ఏదో ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. వాళ్ల బాబాయి కారు అద్దెకు తోలుతాడు. సెకండ్‌హ్యాండులో కొన్న ఆ కారులో అద్దానికి అంటించిన ఒక జీపీఎస్ పెట్టె ఉన్నది. ఫోను ఉండగా అదెందుకని నేనూ అడిగాను. ఫోను బేరాలు మాట్లాడుకోటానికి కావాలి, పైగా ఏజెన్సీ ఘాట్‌రోడ్డు ఎక్కితే దానికి సిగ్నల్ ఉండదు. ఈ పెట్టెకు ఆకాశం కనపడితే చాలునని జవాబు వచ్చింది. చిక్కేమిటంటే, దానిలోని మ్యాపు ముసలిదైపోయింది. కొత్తగా పడ్డ బైపాసు ఎక్కితే కారు చేలకడ్డంపడి పోతున్నట్టు చూపిస్తుంది. కొత్త మ్యాపు వేయమంటే, ఈ మోడలుకు ఇక మ్యాపులు ఇవ్వమనీ, కొత్త పెట్టె కొనుక్కోమనీ కంపెనీవారి సమాధానం. పెట్టె చెడిపోలేదు. తెర వెలుగుతున్నది, ఉపగ్రహాలు అందుతున్నవి. ఐనా దానికి చావుకబురు వచ్చింది.

ఆ పెట్టె లోపల ఉన్నది నిజానికొక చిన్న కంప్యూటరు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సీఈ అనే వ్యవస్థ మీద నడుస్తుంది. మీట నొక్కగానే కంపెనీ వారి ప్రోగ్రాము ఒక్కటే లేచి తెరనంతా ఆక్రమిస్తుంది. దాని వెనక ఇంకొక ప్రపంచం ఉన్నట్టు కొన్నవాడికి తెలియదు. కుర్రవాడు చేసిందల్లా తీగతో పెట్టెను కంప్యూటరుకు తగిలించి, ముందుగా లేచే ఫైలు స్థానంలో తన పట్టిక ఒకటి లేచేట్టు మార్చటం. కంపెనీ ప్రోగ్రామును తుడిపివేయలేదు. అది ఆ పట్టికలో ఒక వరసగా ఉన్నది. దాని పక్కన నావిట్ అనే ఉచితమైన దారి చూపే ప్రోగ్రామూ, ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు తయారుచేస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపూ, తను స్వయంగా రాసిన లెక్కల పుస్తకమూ పెట్టాడు. ఏ బేరానికి ఎన్ని కిలోమీటర్లు, డీజిలెంత, టోలెంత, మిగిలిందెంత అన్నది అందులో పడుతుంది. తెలుగులో పెట్టబోతే ఒత్తులన్నీ అక్షరాల పక్కకు దొర్లిపోయినవట. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకు ఆ సంగతి కాస్త బాధ కలిగించింది.

ఈ కథ స్టాఫ్‌రూములో చెప్తే కామర్సు మిత్రుడొకరు తడుముకోకుండా "అది దొంగతనమండీ" అన్నారు. కుర్రవాడు మంచివాడేననీ, కాని పని మంచిది కాదనీ ఆయన తీర్పు. ఆయన ప్రతిక్రియావాది కాడు. జీతాల సమ్మెలో మా అందరికన్నా ముందు నిలబడ్డ మనిషి. అటువంటి మనిషి నోట ఈ మాట అంత సులువుగా ఎట్లా వచ్చిందన్నదే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

ఆయన మొదటి వాదం ఒప్పందం. పెట్టెను మొదటిసారి వెలిగించినప్పుడు తెర మీద పేజీలకొద్దీ షరతులు వస్తాయి. అడుగున "అంగీకరిస్తున్నాను" అనే మీట ఉంటుంది. ప్రోగ్రాము మీకు అమ్మలేదు, వాడుకోటానికి అనుమతి మాత్రమే ఇచ్చాం అని ఆ షరతుల సారాంశం. సరే, ఆ మీట నొక్కినవాడు కారు మొదటి యజమాని. బాబాయి దేనికీ అంగీకరించలేదు. మొదటి యజమాని విషయం మాత్రం ఏమిటి? డబ్బు ముందు చెల్లించాడు, షరతులు తరవాత చూశాడు, కాదంటే పెట్టె మూగబోతుంది. కూలివాడు స్వేచ్ఛగా తన శ్రమశక్తిని అమ్ముకుంటున్నాడనే పాత కథ ఇక్కడ కొనేవాడి విషయంలో పునరావృతమౌతున్నది. ఒక పక్కన వందమంది న్యాయవాదులు కూర్చుని రాసిన పత్రం, రెండో పక్కన బొటనవేలు. దీన్ని ఇద్దరు సమానుల మధ్య ఒప్పందమనటం న్యాయశాస్త్రానికి సరిపోతుందేమో, నీతిశాస్త్రానికి సరిపోదు.

రెండో వాదం బరువైనది: ఆ ప్రోగ్రాము ఎవరో శ్రమపడి రాశారు, వారి శ్రమను గౌరవించవద్దా అన్నది. గౌరవించాలి. ఐతే ఆ పెట్టెలో ఎవరెవరి శ్రమ ఉన్నదో మొత్తం లెక్క తీద్దాం. దారి చూపేది ముందుగా ఆకాశం. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న అమెరికా ఉపగ్రహాలు తమ గడియారాల కాలాన్ని నిరంతరం ప్రకటిస్తూంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందుకుని, వాటి మధ్య కాలభేదాన్ని బట్టి పెట్టె తానెక్కడున్నదో లెక్కకట్టుకుంటుంది. ఆ వ్యవస్థ 1973లో అమెరికా రక్షణశాఖ మొదలుపెట్టినది, మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. ఖర్చంతా ప్రజలు కట్టిన పన్ను. మన దేశపు నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులైలో మన శ్రీహరికోట నుంచే లేచింది, అదీ ప్రజాధనమే. రోడ్లు వేసింది ప్రజల డబ్బుతో, కంకర కొట్టిన చేతులతో. ఇంతమంది పనికి చివరలో కంపెనీ చేర్చింది కొంత ప్రోగ్రామూ, కొంత మ్యాపూ, ఒక తాళమూ. మొదటి రెండూ శ్రమే, కాదనను. మూడోది ఏ శ్రమను కాపాడుతున్నది? కుర్రవాడు తన లెక్కల పుస్తకం అందులో పెట్టుకుంటే ప్రోగ్రాము రాసినవాడి శ్రమలో ఏ పిసరు తరిగింది?

తాళం సంగతి మాట్లాడుతున్నాం గనక ఆకాశంలోని తాళం కూడా చెప్పుకోవాలి. 2000 మే నెల దాకా అమెరికా సైన్యం తనకు కచ్చితమైన సంకేతమూ, లోకానికి కావాలని చెరిపిన సంకేతమూ ఇచ్చేది. మామూలు పెట్టె నూరు మీటర్ల దాకా తప్పు చూపేది. క్లింటన్ ఉత్తర్వుతో ఆ మే మొదట్లో ఒక రాత్రి ఆ చెరుపు మానేశారు. ప్రపంచంలో ఎక్కడా ఎవరూ ఒక్క మర కూడా తిప్పలేదు. తెల్లవారేసరికి పెట్టెలన్నీ సూటిగా చూపటం మొదలుపెట్టినవి. అంటే అంతకుముందు లోపం వస్తువులో లేదు. వస్తువు మీది అధికారంలో ఉన్నది.

ఇటువంటిదే ఇంకొక సంఘటన 2017 సెప్టెంబరులో జరిగింది. ఇర్మా తుఫాను ఫ్లారిడా మీద విరుచుకుపడబోతుంటే జనం కార్లలో పారిపోతున్నారు. టెస్లా కంపెనీ కొన్ని కార్లను 60 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కార్లుగా అమ్మింది. నిజానికి వాటిలో ఉన్నది 75 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. మిగతాదాన్ని ప్రోగ్రాముతో బిగించి ఉంచింది. అదనంగా డబ్బు కడితే విప్పుతారు. తుఫాను వేళ కంపెనీవారు ఎక్కడో కూర్చునే ఆ బిగింపు సడలించి, కార్లు మరికొంత దూరం పోయేట్టు చేశారు. కొద్దిరోజుల గడువు తీరగానే మళ్లీ బిగించారు. పత్రికలు ఆ ఔదార్యాన్ని మెచ్చుకున్నవి. తుఫానంటే ఏమిటో మన కోస్తావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ప్రాణభయంతో పారిపోతున్నవాడు తన కారు అడుగున తాను మోసుకుపోతున్న విద్యుత్తును వాడుకోటానికి ఇంకొకడి దయ కావలసివచ్చింది. ఆ దయ చూపినవాణ్ణి నేను తిట్టను. దయ చూపవలసిన స్థితిని సృష్టించినదెవరని మాత్రం అడుగుతాను.

ఇక్కడ మన పాఠకులకు ఒక పాత చర్చ గుర్తుచేయాలి. 1842లో, కొలోన్‌లో వెలువడే రైనిష్ ౙైటుంగ్ పత్రికలో, ఇరవైనాలుగేళ్ల మార్క్స్ కట్టెల దొంగతనం చట్టం మీద వ్యాసాలు రాశాడు. రైన్ ప్రాంతంలో బీదరైతులు తరతరాలుగా అడవిలో రాలిపడిన పుల్లలు ఏరుకునేవారు. అడవి యజమానుల శాసనసభ దాన్ని దొంగతనంగా ప్రకటించబూనింది. చెట్టును నరకటానికీ, రాలిన పుల్ల ఏరటానికీ ఉన్న తేడాను చట్టం చెరిపివేస్తే, నేరం చేసింది పుల్ల ఏరినవాడా, చట్టం చేసినవాడా అన్నది ఆ వ్యాసాల్లోని అసలు తగవు. ఆ చర్చే తన్ను మొదటిసారిగా ఆర్థిక ప్రశ్నల వైపు తిప్పిందని 1859లో ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. మన మన్యంలోనూ అడవి చట్టాలు పోడునూ, పుల్లనూ నేరం చేసినప్పుడు జరిగిన కథ ఇదే. నిన్నటిదాకా వాడుకగా ఉన్నది నేడు దొంగతనమని పిలవబడుతుంది. పిలిచేవాడు చేతిలో చట్టం ఉన్నవాడు.

అమెరికాలో 1998లో చేసిన డిజిటల్ కాపీరైటు చట్టం అచ్చంగా ఈ పని చేసింది. దానిలో 1201వ సెక్షను ప్రకారం తాళం తీయటమే తప్పు. తీసి ఏం చేశావన్నది తరవాతి మాట. మినహాయింపులు మూడేళ్లకొకసారి అర్జీ పెట్టుకుని తెచ్చుకోవాలి. 2015లో రైతులు తమ ట్రాక్టర్లు తాము బాగుచేసుకోటానికి అటువంటి మినహాయింపు అడిగితే, జాన్ డియర్ కంపెనీ కాపీరైటు కార్యాలయానికి ఒక వాదన సమర్పించింది: ట్రాక్టరు కొన్నవాడికి ఆ యంత్రం బతికినంతకాలం దాన్ని నడుపుకునే అనుమతి ఉన్నట్టు భావించవచ్చునట! లోపలి ప్రోగ్రాము మాత్రం అతనిది కాదట. వాహనాల మరమ్మత్తుకు మినహాయింపు ఆ ఏడాదే దొరికింది. కాని ఆ వాదన చదివినప్పుడు, నాకు కౌలుదారు చట్టాలు గుర్తొచ్చాయి. రైతు తన భూమి మీద తన ట్రాక్టరుకు కౌలుదారైపోయాడు.

మన దేశంలో పరిస్థితి కొంత నయం. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరమంటుంది. అప్పుడు రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశమన్న ఆ ఒక్క మాట నీతికి చోటిచ్చింది. లెక్కల పుస్తకం పెట్టుకోవటంలో ఎవరి హక్కూ ఉల్లంఘించే ఉద్దేశం లేదని నా కామర్సు మిత్రుడికి చూపిస్తే, "చట్టం ఒప్పుకున్నంతమాత్రాన నీతి ఐపోతుందా?" అన్నారు. బాగుంది. పది నిముషాల క్రితం ఆయన చట్టం వైపూ, నేను నీతి వైపూ ఉన్నాం.

వెనకటికి మన ప్రత్యర్థులు పల్లెల్లో ఒక ప్రచారం చేసేవారు: కమ్యూనిస్టులు వస్తే మీ చెంబూ, తపేలా కూడా లాక్కుంటారని. ఉత్పత్తి సాధనాల మీది ప్రైవేటు ఆస్తి వేరు, మనిషి తన వాడకానికి ఉంచుకున్న సొంత వస్తువు వేరు అని 1848 నుంచి చెప్తూనే ఉన్నాం. చెంబూ తపేలా జోలికి ఇప్పుడు నిజంగా వచ్చిందెవరు? టామ్‌టామ్ అనే నెదర్లాండ్స్ కంపెనీ "జీవితకాలం మ్యాపులు" అన్న వాగ్దానంతో పెట్టెలు అమ్మింది. 2018లో పాత మోడళ్లకు ఇక మ్యాపులు లేవని ప్రకటించింది. జీవితకాలమంటే ఎవరి జీవితం? కొన్నవాడిది కాదు, పెట్టెది కూడా కాదు. కంపెనీ ఆ పెట్టెను పట్టించుకునేంతకాలం అని షరతుల్లో అర్థం ఇచ్చారు. నిఘంటువులు తిరగేసే వృత్తిలో ఇన్నేళ్లున్నాను గాని జీవితమన్న మాటకు ఈ అర్థం చూడలేదు. అదే కంపెనీ పెట్టెల నుంచి పోగుచేసిన వేగాల వివరాలను అమ్మితే, వాటి ఆధారంగా పోలీసులు వేగం పట్టే కెమెరాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకుంటున్నారని 2011లో బయటపడి, కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకోవలసివచ్చింది. పేర్లు లేకుండానే ఇచ్చామన్నారు. ఐనా డబ్బిచ్చి కొన్నవాడికి తన పెట్టె ఎవరి కొలువులో ఉన్నదన్న అనుమానం రాక మానదు. తాళమనేది ఇంట్లోవాణ్ణి బయటివాడినుంచి కాపాడాలి. ఈ తాళం ఇంట్లోవాడి నుంచే ఇంటిని కాపాడుతున్నది.

ఇంకొక చమత్కారం చూడండి. ఇటువంటి పెట్టెలు చాలావాటిలో నడిచేది లినక్స్. అది వేలాదిమంది కలిసి రాసి, అందరూ మార్చుకోవచ్చునని విడిచిపెట్టిన ఉమ్మడి ఆస్తి. టివో అనే కంపెనీ టీవీ రికార్డింగు పెట్టెల్లో ఆ లినక్సునే వాడుకుని, మీరు మార్చుకున్నది మాత్రం మా పెట్టెలో లేవదని తాళం వేసింది. ఇంటివాడకపు పెట్టెల్లో దాన్ని అడ్డుకోటానికి స్టాల్‌మన్ ప్రభృతులు 2007లో తమ అనుమతిపత్రాన్ని తిరగరాశారు. లినక్స్ మూలపురుషుడు టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు: నా ప్రోగ్రాములో మార్పులు తిరిగి ఇస్తే చాలు, పెట్టె వాళ్లిష్టం అన్నది ఆయన వైఖరి. పెట్టె "వాళ్లిష్టం" అన్నచోట కొన్నవాడు లెక్కలోకి రాలేదని నాకు తోస్తుంది. ఐనా అది మిత్రుల మధ్య తగవు.

ఇంతవరకూ నా పని సులువుగానే నడిచింది. అసలు చిక్కు తరవాత వచ్చింది.

పై ఆదివారం కుర్రవాడు సంతోషంగా వచ్చి, స్టాండులో మరో ముగ్గురు డ్రైవర్ల పెట్టెలు కూడా విప్పి ఇచ్చానన్నాడు. ఒక్కొక్కరి దగ్గర 200 రూపాయలు తీసుకున్నాడట. వాటిలో ఏ మ్యాపు వేశావని అడిగితే, ఒక కంపెనీ డబ్బుకు అమ్మే కొత్త మ్యాపు స్నేహితుడి దగ్గర దొరికిందనీ, అదే నకలు తీసి నాలుగింటిలో వేశాననీ చెప్పాడు.

"అది తప్పు గదరా," అన్నాను.

"ఆస్తే దొంగతనమని మొన్న గోష్ఠిలో ఎవరో అన్నారు గదా మాస్టారూ," అన్నాడు.

అన్నది ప్రూధాన్, 1840లో. మార్క్స్ ఆ మాటను ఒప్పుకోలేదనీ, దొంగతనమన్న భావమే ముందుగా ఆస్తిని ఒప్పుకుంటుందన్నది ఆయన అభ్యంతరమనీ చెప్పాను. చెప్పి గెలిచాననుకున్నాను గాని, అది కుర్రవాడి ప్రశ్నకు జవాబు కాదు. ఆ మ్యాపు కోసం వీధివీధీ తిరిగి కొలిచినవాళ్లకు నకలు తీసినా తీయకపోయినా అంతే జీతం ముట్టి ఉంటుంది, నష్టం పెట్టుబడిదారుడిది. అప్పుడు నాకెందుకు మనసొప్పలేదు? కాలేజీ ఉద్యోగి భయమా? ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

నాకు తోచింది ఇది. తాళం తీసిన పని నలుగురిలో చెప్పగలడు, రాసి పంచగలడు, ఇంకొకడికి నేర్పగలడు. దాంట్లో అతను ఎవరి సొమ్మూ పట్టలేదు. తాళం తీసిన శ్రమకు 200 తీసుకుంటే అది కూలి. నేనూ పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నాను. మ్యాపుతో కలిపి 200 తీసుకుంటే, అందులో ఎంతోకొంత ఇతరుల సరుకు అమ్మిన డబ్బు ఉన్నది. అప్పుడతను చిన్న వ్యాపారి ఔతాడు, అంతకుమించి ఏమీ కాడు. పైగా ఆ నకలు వచ్చే ఏటికి ముసలిదౌతుంది; మళ్లీ కంపెనీ కొత్తది ఎప్పుడు వేస్తుందా, ఎవరు నకలు తెస్తారా అని నలుగురు డ్రైవర్లూ ఎదురుచూడాలి. తాళం తీసి కూడా గుమ్మంలోనే నిలబడ్డట్టు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపు పుట్టుక 2004లో ఇంగ్లండులో. ప్రజల డబ్బుతో కొలిచిన మ్యాపులను ప్రభుత్వ సంస్థే మళ్లీ ప్రజలకు అమ్ముతుంటే, మేమే గీసుకుంటామని కొందరు బయలుదేరారు. దానిలో తప్పుంటే డ్రైవరే దిద్దవచ్చు.

ఇదంతా చెప్తే కుర్రవాడు విని, "ఏజెన్సీలో సగం ఊళ్లకు దాంట్లో దారే లేదు మాస్టారూ. ఖాళీ మ్యాపు పెట్టుకుని బాబాయి రాత్రిపూట బండి ఎట్లా తోలుతాడు? బేరం పోతే ఇంట్లో ఏం తింటారు?" అన్నాడు.

దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. బాబాయి పెట్టెలోంచి ఆ మ్యాపు తీసివేయమని నేను చెప్పలేదు. చెప్పి ఉండవలసిందని ఈ వ్యాసం చదివే మిత్రులు కొందరు అంటారు. మిగతా ముగ్గురికీ మ్యాపు పేరున డబ్బు పుచ్చుకోవద్దని మాత్రం చెప్పాను. అతను వాళ్లకు చెరొక వంద తిరిగి ఇచ్చాడు. ఆ వంద ఎట్లా లెక్క తేల్చావని అడిగితే, విప్పటానికి గంట పట్టింది, మ్యాపు వేయటానికి ఏమీ పట్టలేదు, ఐనా సగం సగం అనుకున్నానన్నాడు.

ప్రమాదాల మాట కూడా ఎత్తుతారు: తాళం తీస్తే డ్రైవరు సినిమా చూస్తూ బండి తోలుతాడని. తోలేవాళ్లుంటారు; తోలితే పట్టుకోటానికి మోటారు వాహనాల చట్టమున్నది. దానికోసం లెక్కల పుస్తకాన్ని కూడా నిషేధించాలనటం, వేలు తెగుతుందని వంటింట్లో కత్తిపీట తీసివేయటం వంటిది.

నన్ను ఎక్కువ వేధించే సంగతి వేరే ఉన్నది. ఈ విముక్తి తెలివీ, తీరికా ఉన్నవాడికే దొరుకుతున్నది. ఊళ్లో ఈ కుర్రవాడు లేకపోతే బాబాయి కొత్త పెట్టె కొనుక్కునేవాడు, లేదా అప్పు చేసేవాడు. రానున్న కార్లలో పెట్టె అద్దానికి అంటించినది కాదు, కారుతో ఒకటిగా పోతపోసినది. కంపెనీతో అనుక్షణం మాట్లాడుతూంటుంది. బి.ఎం.డబ్ల్యూ. వారు 2022లో కొన్ని దేశాల్లో, కారులో బిగించి ఉన్న సీటు వేడికి నెలనెలా అద్దె అడిగి, జనం ఛీకొట్టాక మరుసటి ఏడు మానుకున్నారు. మానిపించింది ఎవడో గదిలో కూర్చుని తాళం తీసినవాడు కాదు. కొలరాడో రాష్ట్రంలో రైతులు 2023లో మరమ్మత్తు హక్కు చట్టం సాధించుకున్నదీ అట్లాగే. మన కేంద్రప్రభుత్వం 2022లో దీనికొక కమిటీ వేసి, ఒక వెబ్‌సైటు తెరిచింది. చట్టం సంగతి అడిగే డ్రైవర్ల సంఘం, రైతు సంఘం ఇంకా ఈ మాట తమ కోర్కెల పత్రంలో చేర్చలేదు. చేర్చమని మా ఊరి ఆటో, టాక్సీ యూనియను వాళ్లను అడిగితే, డీజిలు ధర, చలాన్ల బాధ అయ్యాక చూద్దామన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఇప్పుడు బాబాయి ఏజెన్సీకి బేరం పోయినప్పుడల్లా పెట్టె తను నడిచిన దారిని గుర్తుపెట్టుకుంటుంది. కుర్రవాడు రాత్రిళ్లు కూర్చుని దాన్ని ఉమ్మడి మ్యాపులో గీస్తున్నాడు. ఊళ్ల పేర్లు తెలుగులో రాయవలసివచ్చినప్పుడు ఒత్తులు నన్ను అడుగుతాడు. పెట్టె విప్పే పద్ధతి రెండు పేజీల్లో రాసి, దిద్దిపెట్టమని తెచ్చాడు. అంతా బాగానే ఉన్నది. అడుగున తన పేరు రాయాలా వద్దా అన్నది తేలలేదు. రాయమని నేనన్నాను, వద్దని వాళ్ల బాబాయి అన్నాడు. కాగితం ఇంకా నా బల్ల మీదనే ఉన్నది.